తెలివైనవాళ్లు దేవుణ్ణి నమ్మరా? మా ఇంట్లో మొదలైన గొడవ

నీలిమేఘం:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజుల నుంచి చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఒక విషయం తేల్చుకోలేక రాస్తున్నాను.

మా తమ్ముడు ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ చదువులో ముందుండేవాడు. మొన్న రాత్రి అందరం కూర్చుని మాట్లాడుకుంటుంటే ఫోన్‌లో ఒక వార్త తీసి, "చూడమ్మా, 63 పరిశోధనలు కలిపి లెక్కేశారు. తెలివి ఎక్కువ ఉన్నవాళ్లకి భక్తి తక్కువట" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "అంటే ఏంటో నీకు అర్థమైందిగా" అని కూడా అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ రోజూ పొద్దున్నే ఒక పావుగంట కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఇల్లంతా మేం తిరుగుతున్నా, టీవీ మోగుతున్నా తన పావుగంట తనదే. మర్నాడు పొద్దున తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ ఆ తలుపు వేసుకోవడం చూడలేదు.

నేను అడిగేది రెండే. ఆ పరిశోధన నిజంగా ఉందా? ఉంటే, దాని అర్థం మా తమ్ముడు చెప్పినదేనా? నాకు దేవుడి విషయంలో గట్టి అభిప్రాయం ఏదీ లేదు. ఎవరు చెప్పినా వింటాను.

ప్రశ్నార్థకం:

నీలిమేఘం గారూ, మీ తమ్ముడు చెప్పిన అంకె నిజమే. 2013లో జుకర్‌మన్, సిల్బర్‌మన్, హాల్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 63 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో 53 అధ్యయనాల్లో తెలివి పెరిగేకొద్దీ మతవిశ్వాసం తగ్గినట్టు కనిపించింది. పదింటిలో మాత్రమే దానికి ఎదురుగా వచ్చింది. 2020లో జుకర్‌మన్ బృందమే ఆ లెక్కను 83 అధ్యయనాలకు పెంచి మళ్లీ చేసింది. దిశ మారలేదు.

ఇంకోటి కూడా చెప్తాను. 1998లో లార్సన్, విదమ్ అనే ఇద్దరు అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ సభ్యుల అభిప్రాయాలు ప్రచురించారు. ఆ దేశంలో సైంటిస్టులకు దక్కే పెద్ద గుర్తింపుల్లో ఆ సభ్యత్వం ఒకటి. జవాబిచ్చిన వాళ్లలో దేవుణ్ణి నమ్ముతున్నామన్నవాళ్లు నూటికి 7. నమ్మం అన్నవాళ్లు 72. మిగిలినవాళ్లు తెలియదన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా నాస్తికుణ్ణి. దాచుకోవాల్సిన పని లేదు. మీ తమ్ముడు అమ్మగారితో మాట్లాడిన తీరు తప్పు, అది వేరే సంగతి. విషయం మాత్రం తప్పు కాదు.

సూటిమాట:

అకాడమీ వాళ్లే నమ్మనప్పుడు ఇంకా చర్చ ఏముంది?

గణాంకం:

చర్చ చాలా ఉంది సూటిమాట గారూ. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, కాబట్టి ఆ అంకె లోపల ఏముందో కాస్త ఓపిగ్గా రాస్తాను.

ఆ 2013 లెక్కలో వచ్చిన సహసంబంధం మైనస్ 0.24. పూర్తి సంబంధం ఉంటే 1, అసలు లేకపోతే 0. మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని. 0.24 సున్నా అయితే కాదు. కానీ వార్తల్లో "తెలివైనవాళ్లకి భక్తి తక్కువ" అని హెడ్డింగ్ చదివినప్పుడు మన మనసులో పడే బొమ్మ 0.8కో 0.9కో సరిపోయే బొమ్మ.

దాన్ని 0.24కి దించితే ఇలా ఉంటుంది. రోడ్డు మీద వెళ్తున్న ఇద్దర్ని ఆపారనుకోండి. ఐక్యూ పరీక్షలో ఎవరికి ఎక్కువ వచ్చిందో మీకు చెప్పారు. ఆ ఎక్కువ వచ్చిన మనిషికే భక్తి తక్కువ ఉంటుందని మీరు పందెం కట్టారు. ఇలా వంద జతలతో చేస్తే సుమారు 58 సార్లు గెలుస్తారు, 42 సార్లు ఓడిపోతారు. ఏమీ తెలియకుండా బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు గెలుస్తారు. మొత్తం అన్ని అధ్యయనాలూ కలిపి మనకు ఇచ్చిన లాభం వందకి ఆ ఎనిమిది.

ఇంకోలా చెప్పాలంటే, మనుషుల మధ్య భక్తిలో కనిపించే తేడా అంతటినీ 100 భాగాలు చేస్తే ఐక్యూతో ముడిపడేది 6 భాగాల కంటే తక్కువ. మిగతా 94 ఎక్కడి నుంచో వస్తున్నాయి. వెతకాల్సింది అక్కడ.

ఆ పేపర్ రాసినవాళ్లు దాచిపెట్టలేదు. కొలిచిన జనంలో ఎక్కువమంది అమెరికావాళ్లని, అందులోనూ ప్రొటెస్టెంట్లే ఎక్కువని వాళ్లే రాశారు. ఇంకా కాలేజీ వయసు రాని పిల్లల్లో ఈ సంబంధం చాలా బలహీనంగా ఉందని కూడా రాశారు. వార్త రాసినవాళ్లు ఆ వాక్యాలు వదిలేశారు.

నీలిమేఘం గారూ, మీ తమ్ముడు చేసిన పొరపాటు అంకెలో లేదు. గుంపు గురించి వచ్చిన సగటును ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి మీద పెట్టాడు. ఫిజిక్స్ చదివే పిల్లాడికి ఇది చెప్తే అర్థమవుతుంది.

పాతపుస్తకం:

గణాంకం గారు చక్కగా చెప్పారు. నేను ముప్ఫై నాలుగేళ్లు లెక్కల మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. దేవుణ్ణి నమ్ముతాను, ఆ మాట ముందే చెప్పడం మర్యాద.

అమ్మాయీ, నీ పోస్టు చదివాక రామానుజన్, హార్డీ జంట గుర్తొచ్చింది. రామానుజన్ తన సూత్రాలు నామగిరి అమ్మవారి దయ అనేవాడు. ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త హార్డీ పక్కా నాస్తికుడు, ప్రార్థనా మందిరంలో అడుగుపెట్టడానికి కూడా ఒప్పుకునేవాడు కాదు. ఈ ఇద్దరూ 1914 నుంచి 1919 దాకా కేంబ్రిడ్జిలో ఒకే కాగితం మీద పనిచేశారు. ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా చిన్న సంఖ్యల మొత్తంగా రాయవచ్చో లెక్కగట్టే సూత్రం 1918లో ఇద్దరి పేర్లతో వచ్చింది. ఆ పేపర్‌లో ఏ వరుస నాస్తికుడిది, ఏ వరుస భక్తుడిది అని ఎవరైనా విడదీయగలరా?

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. రామానుజన్‌ది ఆచారమే గానీ గాఢమైన విశ్వాసం కాదని హార్డీ అనుకునేవాడు. అన్ని మతాలూ ఇంచుమించు సమానంగా నిజమేనని రామానుజన్ తనతో అన్నాడని కూడా రాశాడు. ఐదేళ్లు పక్కపక్కన పనిచేసిన స్నేహితుడికే ఆ మనిషి లోపలి నమ్మకం ఏమిటో అంతుపట్టలేదు. మరి ప్రశ్నాపత్రంలో ఒక గడిలో టిక్కు పెట్టించుకుని దాన్ని ఎంతవరకు కొలుస్తాం?

విశ్వం ఎలా మొదలైందో చెప్పే మహావిస్ఫోటనం (బిగ్ బ్యాంగ్) ఊహకు పునాది వేసిన లెమైత్ర్ క్యాథలిక్ ఫాదరీ. వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ మఠంలో సన్యాసి. 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అబ్దుస్ సలాం నిష్ఠగల ముస్లిం. 1983లో అదే బహుమతి అందుకున్న చంద్రశేఖర్ నాస్తికుడు.

ప్రశ్నార్థకం:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. పేర్లు ఏరుకుంటూ పోతే ఎటువైపైనా జాబితా తయారవుతుంది. నాలుగు పేర్లు చూపించి సగటును కాదనలేం కదా. న్యూటన్ భౌతికశాస్త్రం కంటే మతం గురించి, మామూలు లోహాన్ని బంగారం చేయొచ్చనే రసవాదం గురించి ఎక్కువ కాగితాలు నింపాడు. అంతమాత్రాన రసవాదం నిజం కాలేదు.

గణాంకం గారూ, మీరు వ్యక్తుల లెక్క చెప్పారు. దేశాల లెక్క సంగతేంటి? 2009లో లిన్, హార్వీ, నైబోర్గ్ 137 దేశాలు తీసుకుని సగటు ఐక్యూకీ, దేవుణ్ణి నమ్మనివాళ్ల శాతానికీ సహసంబంధం 0.60 అని చూపించారు. 0.60 చిన్నదా?

గణాంకం:

చిన్నది కాదు. అయితే అది వేరే ప్రశ్నకు జవాబు.

1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త చూపించిన ఉదాహరణ నేను ప్రతి ఏడాదీ మొదటి నెలలోనే పిల్లలకు చెప్తాను. 1930 అమెరికా జనాభా లెక్కలు తీసుకుంటే, విదేశాల్లో పుట్టి వచ్చినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువ. అయితే వలస వచ్చినవాళ్లే ఎక్కువ చదువుకున్నారా? కాదు. మనిషి మనిషినీ చూస్తే వాళ్లలోనే అక్షరాస్యత తక్కువ. మరి రాష్ట్రాల లెక్క ఎందుకు అలా వచ్చింది? పనులు దొరికే చోటికి, బడులు బాగున్న చోటికి వాళ్లు వెళ్లి స్థిరపడ్డారు కాబట్టి. ప్రాంతాల సగటు నుంచి మనిషి లోపలికి దూకితే ఇలా తలకిందులవుతాం.

దేశాల మధ్య ఒక్క ఐక్యూ మాత్రమే మారదు. ఆస్పత్రులు, బడులు, పిల్లల తిండి, చట్టం, యుద్ధం, ముసలితనంలో చేతికందే పెన్షన్, ఇవన్నీ కలిసి మారతాయి. పైగా ఆ జాతీయ సగటు ఐక్యూ అంకెల మీదే పెద్ద వివాదం ఉంది. చాలా దేశాలకు చిన్న చిన్న శాంపిళ్లతో అంచనా వేశారు, కొన్నిటికి పక్క దేశాల అంకెలు పెట్టి పూరించారు.

ఐర్లండ్‌ని చూడండి. 1970ల మొదట్లో అక్కడి క్యాథలిక్కుల్లో పదిమందికి తొమ్మిదిమంది ప్రతివారం చర్చికి వెళ్లేవాళ్లు. నలభై ఏళ్లలో అది సగానికంటే కిందికి పడింది. నలభై ఏళ్లలో ఒక జాతి బుర్ర మారిపోతుందా? ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో ఐక్యూ పరీక్షల మార్కులు పదేళ్లకు సుమారు 3 చొప్పున పెరిగిన మాట నిజమే, దాన్ని ఫ్లిన్ ఎఫెక్ట్ అంటారు. కానీ ఆ పెరుగుదల బడి వల్ల, ఆరోగ్యం వల్ల అంటారు గానీ నమ్మకం పోవడం వల్ల అని ఎవరూ అనరు. రెండిటినీ ఒకే గాలి కదిలిస్తోంది.

ఐక్యూ పరీక్ష సంగతి కూడా ఒక మాట. 1905లో ఫ్రాన్స్ సైకాలజిస్టు బినే మొదట అలాంటి పరీక్షను తయారుచేసింది బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి. మనుషుల్ని మెట్ల మీద నిలబెట్టి ఎవడు పైన, ఎవడు కింద అని చెప్పడానికి కాదు.

లోలకం:

నేను సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ అంశం నా పనికి దగ్గరే కాబట్టి ఇంకో కోణం చెప్తాను. ముందు ఒక చిన్న ప్రశ్న. చదవగానే మనసులో ఏ జవాబు తడితే అది గుర్తుపెట్టుకోండి.

ఒక చెరువులో తామరాకులు ఉన్నాయి. అవి పరుచుకున్న మేర రోజురోజుకీ రెట్టింపవుతుంది. చెరువు మొత్తం నిండడానికి 48 రోజులు పట్టింది. సగం చెరువు నిండడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుంది?

24 అని తట్టిందా? చాలామందికి అదే తడుతుంది. జవాబు 47. చివరి రోజు రెట్టింపయితే నిండింది కాబట్టి ముందురోజు సగమే ఉండాలి.

ఇది 2005లో షేన్ ఫ్రెడరిక్ తయారుచేసిన మూడు ప్రశ్నల పరీక్షలోది. లెక్క వచ్చా రాదా అన్నది ఇక్కడ అసలు విషయం కాదు. తట్టిన జవాబు దగ్గర ఆగిపోతావా, ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసుకుంటావా అన్నది. 2012లో షెన్హావ్, రాండ్, గ్రీన్ ఈ పరీక్షలో తొందరపడి జవాబిచ్చినవాళ్లలో దైవనమ్మకం కొంచెం ఎక్కువగా ఉందని చూపించారు. అదే ఏడాది గెర్వే, నోరెన్‌జయాన్ 'సైన్స్' పత్రికలో ఇంకో అడుగు ముందుకేశారు. కొంతమందికి రోదాన్ చెక్కిన ఆలోచిస్తున్న మనిషి శిల్పం ఫొటో చూపించారు, ఇంకొంతమందికి డిస్క్ విసిరే ఆటగాడి శిల్పం చూపించారు. ఆలోచించే శిల్పం చూసినవాళ్లు దేవుడి మీద నమ్మకానికి తక్కువ మార్కులు వేసుకున్నారు.

ఆ ఫలితం ప్రపంచమంతా పాకింది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. మా క్లాసులో అందరం దాన్ని పట్టుకుని ఊగిపోయాం. కానీ ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు అరవైమంది కూడా లేరు. 2017లో వేరే బృందం చాలా ఎక్కువమందితో అదే ప్రయోగం చేస్తే ఏ తేడా రాలేదు. నాకు నచ్చిన సంగతి తర్వాత జరిగింది. గెర్వే స్వయంగా, నా పాత ప్రయోగం బలహీనమైనది అని బహిరంగంగా ఒప్పుకున్నాడు. అక్కడితో ఊరుకోకుండా ఇతరులతో కలిసి 13 దేశాల్లో సుమారు 3,400 మందిని పరీక్షించి 2018లో ప్రచురించాడు. మొత్తం మీద సంబంధం ఉంది గానీ చాలా బలహీనం, అన్ని దేశాల్లో ఒకేలా లేదు.

తన సిద్ధాంతాన్ని తనే తూకం వేసుకున్న ఆ మనిషిని చూసి నేను ఈ రంగంలోకి వచ్చాను.

వేదిక నిర్వాహకులు:

ఇక్కడ ఒక వ్యాఖ్య తీసేశాం. ఒక మతం పేరు పెట్టి ఆ మతస్థులందరినీ తక్కువ చేస్తూ రాసింది. చర్చ బాగా నడుస్తోంది, ఇలాగే సాగనివ్వండి.

రాత్రిడ్యూటీ:

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, నర్సును. పద్నాలుగేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. మీ అంకెలన్నీ చదివాను. నేను చూసింది ఒకటి రాస్తాను.

ఒకాయన యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. కూతురు వెంటిలేటర్ మీద ఉంది. లోపలికి రానిచ్చే సమయాల్లో ఒక నోటుబుక్కుతో వచ్చేవారు. ఆక్సిజన్ ఎంత, బీపీ ఎంత, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు, అన్నీ మమ్మల్ని అడిగి రాసుకునేవారు. గళ్లు గీసి గ్రాఫ్ వేసేవారు. ఒకరోజు మేం మందు మార్చిన సంగతి ఆ గ్రాఫ్ వంపు చూసి ఆయనే కనిపెట్టి అడిగారు. డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. ఆ నోటుబుక్కు ఒకసారి మంచం పక్కన మరిచిపోతే తీసి దాచాను. ప్రతి పేజీలో గ్రాఫ్ కింద, గీతకి ఆనుకుని, దేవుడి పేరు రాసుంది. పెన్ను ఒత్తి ఒత్తి రాస్తే కాగితం అవతలి వైపుకి అచ్చు పడింది.

ఆ గ్రాఫ్ వేసిన బుర్ర, ఆ పేరు రాసిన చెయ్యి ఒకే మనిషివి. మీ పరీక్షలో ఆయన ఏ వైపు వస్తారు?

లోలకం:

రాత్రిడ్యూటీ గారూ, మీరు చూసినదాన్ని పెద్ద ఎత్తున కొలిచినవాళ్లూ ఉన్నారు. 2011 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం వచ్చింది. అదృష్టవశాత్తూ అంతకుముందే ఆ దేశంలో వేలమందిని ఏటేటా ప్రశ్నలడుగుతున్న ఒక సర్వే నడుస్తోంది. సిబ్లీ, బుల్బులియా దాన్ని చూశారు. దేశం మిగతా భాగాల్లో మతానికి దూరమయ్యేవాళ్లు పెరుగుతుంటే, భూకంపం తగిలినవాళ్లలో మాత్రం మతంలోకి వచ్చినవాళ్లు పెరిగారు. ఆ ఊరివాళ్ల తెలివి ఒక్క రోజులో తగ్గలేదు కదా. కాలి కింద నేల కదిలింది, అంతే.

గణాంకం గారు అడిగిన ఆ 94 భాగాల్లో ఇదొకటి. భద్రత. రేపటి మీద భరోసా ఉన్నచోట ప్రార్థన తగ్గుతుంది, లేనిచోట పెరుగుతుంది.

ఇంకోటి ఇంతకంటే పెద్దది. పిల్లలు దేనిని నమ్ముతారన్నది పెద్దలు చెప్పిన మాటల కంటే, పెద్దలు చేస్తుండగా కళ్లారా చూసిన పనుల మీద ఎక్కువ ఆధారపడుతుందని జోసెఫ్ హెన్రిక్ 2009లో ఒక వాదన పెట్టాడు. మాట చెప్పడానికి ఖర్చు లేదు. రోజూ తెల్లవారి లేచి కూర్చోవడానికి, ఉపవాసం ఉండటానికి, ఉన్నదాంట్లో తీసి ఇవ్వడానికి ఖర్చుంది. అలా ఖర్చు పెట్టుకునే పెద్దవాళ్లను చూసి పెరిగిన పిల్లలు నమ్ముతారు. గెర్వే బృందం 2021లో అమెరికాలో నాస్తికులు ఎందుకు నాస్తికులయ్యారో అన్ని కారణాలూ పక్కపక్కన పెట్టి తూచింది. చిన్నప్పుడు అలాంటి పనులు చూడకపోవడమే అన్నిటికంటే బలమైన కారణంగా తేలింది. విశ్లేషించి ఆలోచించే అలవాటు ప్రభావం దాని ముందు చాలా చిన్నది.

నీలిమేఘం:

ఈ పోస్టు రెండుసార్లు చదివాను. మా తమ్ముడూ నేనూ ఒకే ఇంట్లో, ఒకే అమ్మని చూస్తూ పెరిగాం కదా. మరి వాడు ఎందుకలా?

లోలకం:

కారణాలు ఒక్కటే కావు నీలిమేఘం గారూ. ఇంట్లో చూసింది ఒకటి, చదువుకునే చోట చుట్టూ ఉన్నవాళ్లు ఇంకోటి. జుకర్‌మన్ బృందమే ఒక వివరణ ఇచ్చింది. తెలివైనవాళ్లు గుంపుతో నడవడానికి అంత ఇష్టపడరు, చుట్టూ అందరూ నమ్ముతుంటే వీళ్లు నమ్మకపోవచ్చు అని. అదే నిజమైతే, నమ్మనివాళ్లే ఎక్కువున్న చోట ఆ సంబంధం కరిగిపోవాలి. అమెరికాకి బయట చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎక్లండ్ బృందం ఎనిమిది ప్రాంతాల్లో సైంటిస్టుల్ని అడిగింది. హాంకాంగ్ సాధారణ జనంలో మాకు మతం ఉందన్నవాళ్లు నూటికి 20 మంది, అక్కడి సైంటిస్టుల్లో 39 మంది. అమెరికాలో కనిపించే బొమ్మ అక్కడ తిరగబడింది.

మీ తమ్ముడు ఇప్పుడు ఎలాంటి స్నేహితుల మధ్య ఉన్నాడో నాకు తెలియదు. అక్కడ ఏది మాట్లాడితే తెలివైనవాడిగా లెక్కగడతారో కూడా చూడాలి.

పాతపుస్తకం:

ప్రశ్నార్థకం గారు చెప్పిన ఆ 7 శాతం గురించి ఒక మాట. ఆ సర్వేల ప్రశ్న 1914లో లూబా అనే సైకాలజిస్టు తయారుచేసింది. ప్రార్థిస్తే జవాబిచ్చే దేవుడు ఉన్నాడని నమ్ముతావా అన్నది దాని సారం. ఐన్‌స్టీన్ 1929లో ఒక రబ్బీకి, అంటే యూదు మతగురువుకి, టెలిగ్రాం ఇస్తూ, మనుషుల పనులను పట్టించుకునే దేవుణ్ణి కాదు, తత్త్వవేత్త స్పినోజా చెప్పిన, సృష్టి పొందికలో కనిపించే దేవుణ్ణి నమ్ముతాను అన్నాడు. ఈ ప్రశ్నకు ఆయన జవాబు 'లేదు' కిందికే వస్తుంది. ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్లందరినీ ఒకే నమ్మకం గలవాళ్లు అనలేం.

ఇంకో వింత. లూబా 1914లో మామూలు సైంటిస్టుల్ని అడిగితే నూటికి 42 మంది నమ్ముతామన్నారు. 1996లో లార్సన్, విదమ్ అదే ప్రశ్న అడిగితే 39. రెండు ప్రపంచయుద్ధాలు, అణుబాంబు, చంద్రుడి మీద మనిషి, డీఎన్ఏ అన్నీ ఆ మధ్యలోనే జరిగాయి. మూడంటే మూడు అంకెలు కదిలాయి.

ప్రశ్నార్థకం:

మాస్టారూ, అకాడమీలో 7 శాతమే ఎందుకు అన్నది ఇంకా ప్రశ్నే. మామూలు సైంటిస్టులకీ, వాళ్లకీ ఉన్న తేడాని మీరు దాటేశారు.

గణాంకం:

అది న్యాయమైన ప్రశ్న, నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అకాడమీలోకి పరీక్ష పెట్టి తీసుకోరు, లోపలున్న సభ్యులే కొత్తవాళ్లను ఎన్నుకుంటారు. అక్కడిదాకా వచ్చేసరికి తెలివితోపాటు చదివిన యూనివర్సిటీ, పెరిగిన ఇల్లు, స్నేహాలు అన్నీ వడపోతకి గురై ఉంటాయి. అందులో తెలివి వాటా ఎంత అన్నది ఆ 7 ఒక్కటే చెప్పలేదు.

ప్రశ్నార్థకం:

నిన్న రాత్రి ఇదంతా మళ్లీ మొదట్నుంచి చదివాను. లోలకం గారు రాసిన ఒక్క పేరా దగ్గర ఆగిపోయాను.

మా నాన్న దేవుడున్నాడని రోజూ చెప్పేవాడు. తప్పు చేస్తే దేవుడు చూస్తాడనేవాడు. కానీ ఆయన కళ్లు మూసుకుని రెండు నిమిషాలు కూర్చోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. దేవుడి కోసం ఏ పనీ మానుకోలేదు, ఏదీ వదులుకోలేదు. నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి దేవుడు అనే మాట మా ఇంట్లో పిల్లల్ని అదిలించడానికి వాడే మాటగా మిగిలింది. నేను పుస్తకాలు చదివి, ఆలోచించి నాస్తికుణ్ణయ్యానని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. పుస్తకాలు చదివిన మాట నిజమే. అవి చదివేనాటికే నాలో నమ్మకం లేదు. పుస్తకాలు కారణాలు అందించాయి.

దేవుడు లేడనే ఇప్పటికీ అంటాను. నా వాదనలు నాకున్నాయి, వాటి బలం మీద అవి నిలబడాలి. నమ్మేవాళ్ల ఐక్యూని సాక్షిగా పిలవడం నా వాదన బలహీనమని నేనే ఒప్పుకున్నట్టు. ఎవరు నమ్మారన్నదాన్ని బట్టి ఒక మాట నిజమో అబద్ధమో తేలదు. మాస్టారికి న్యూటన్ రసవాదం గురించి చెప్పింది నేనే, అది నాకూ వర్తిస్తుంది.

నీలిమేఘం గారూ, మొదటి పోస్టులో మీ తమ్ముడి మాట తప్పు కాదని రాశాను. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. అంకె నిజం, దాని నుంచి ఆయన అమ్మగారి మీదికి దూకిన దూకుడు తప్పు.

పాతపుస్తకం:

ప్రశ్నార్థకం గారూ, ఈ మాట రాయడానికి ధైర్యం కావాలి. నావైపు నుంచి కూడా ఒకటి ఒప్పుకోవాలి. నేను బడిలో ఉన్నప్పుడు, దేవుడు లేడన్న ఒక కుర్రాడిని క్లాసులో నిలబెట్టి 'అతి తెలివి' అని అందరిముందూ అన్నాను. తెలివిని తిట్టుగా వాడాను. వాడు ఆ ఏడాదంతా నా క్లాసులో చెయ్యి ఎత్తలేదు. నీలిమేఘం అమ్మాయీ, నువ్వు నీ తమ్ముడి సంగతి రాసినప్పటి నుంచీ ఆ కుర్రాడే గుర్తొస్తున్నాడు.

సూటిమాట:

నేను మొదట్లో తొందరపడి రాశాను. తామరాకుల ప్రశ్నకి కూడా 24 అనుకున్నాను.

రాత్రిడ్యూటీ:

నీలిమేఘం గారూ, ఇంతమంది ఇన్ని రాశాం. అమ్మగారు ఆ పావుగంట ఏం చేస్తారో ఎప్పుడైనా అడిగారా? మా వార్డులో పేషెంట్ల వాళ్లను నేను అడుగుతుంటాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. కొందరు బేరమాడతారు, కొందరు తిడతారు, కొందరు ఊరికే ఊపిరి లెక్కపెట్టుకుంటారు. అన్నిటినీ మనం ప్రార్థన అనే ఒక్క పేరుతో పిలుస్తున్నాం.

నీలిమేఘం:

అందరికీ థాంక్స్. నాలుగు రోజులు రాయలేకపోయాను.

గణాంకం గారి పోస్టు తమ్ముడికి పంపించాను. ముందు కోపమొచ్చింది. తర్వాత ఆ 58 ఎలా వచ్చిందో వాడే లెక్కేసుకుని, సరిగ్గానే ఉందన్నాడు. ఇంకేమీ అనలేదు. తామరాకుల ప్రశ్న అమ్మనీ వాణ్ణీ అడగాలని మొదట అనుకున్నాను, మళ్లీ మానేశాను. ఎవరు ఏం చెప్పినా అది ఇంకో పోటీ అయ్యేది.

రాత్రిడ్యూటీ గారు రాసింది నిన్న పొద్దున అమ్మని అడిగాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు. "ఏమడుగుతావమ్మా దేవుణ్ణి?" అన్నాను. "అడగడానికేముంది, పేర్లు చెప్తాను" అంది. ఎవరి పేర్లు అంటే, మనవాళ్లందరివీ అంది. ఒక్కసారి చెప్పమన్నాను. సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. మా తాతమ్మ దగ్గర్నుంచి వరసగా వచ్చింది. పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, పెళ్లిళ్లయి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. ఎప్పుడో పుట్టి పేరు పెట్టకముందే పోయిన మా పెద్దమ్మ బిడ్డ కూడా ఉంది, "పేరు లేని తల్లి" అని. ఎక్కడా తడుముకోలేదు. తమ్ముడు వేళ్లతో లెక్కపెట్టాడు. 83 వచ్చాయి.

వాడి పేరు రెండుసార్లు వచ్చింది. ఎందుకమ్మా అని అడిగాడు. "నువ్వు హాస్టల్‌కి వెళ్లినప్పటి నుంచీ చివర్లో ఇంకోసారి చెప్తున్నాను" అంది.

ఈరోజు పొద్దున తలుపు తీసే ఉంది.